నా జానతో కొలిచిన కిటికీ

చెబితే నవ్వుతారు, నవ్వండి. కానీ సిద్దిపేటలో మా మామ కొలిమి ముందు ఆ రోజు నాకు పట్టిన చెమటతో ఒక నారుమడి తడిసేది.

రాయపోల్ నుంచి కమ్మరింటి కోడలినై వచ్చి అప్పటికి మూడు నెలలు. లడాయి రోజులు, ఇనుమంతా యుద్ధానికే పోయి దొరకడం గగనం. ఒక కిరాణా సేటు తన దుకాణం కిటికీ కోసం ఎక్కడెక్కడో తిరిగి నాలుగు నలుచదరపు కడ్డీలు తెచ్చాడు. "ఒక్కటి ఖరాబైనా మల్ల దొరకది, పైలం" అని మామకు చెప్పి మరీ పోయాడు. ఎక్కడ తెగాలో మామ కడ్డీ చుట్టూ నాలుగు పక్కలా సుద్దగీతలు గీసి పెట్టాడు.

మర్నాడు దసరా. "పనిముట్లన్ని కడిగి బొట్లు పెట్టు పిల్లా" అంది అత్త. ఏవి పనిముట్లో నాకేం తెలుసు? కొలిమిలో కనబడినదల్లా కడిగాను. కడ్డీలనైతే చింతపండు పెట్టి తోమాను. అవి మెరుస్తుంటే కాసేపు మురిసి, అప్పుడు చూసుకున్నాను. గీతలు లేవు.

మామ గీస్తూ "మూడు జానలు, నాలుగు వేళ్లు" అనుకోవడం విన్నాను కదా, సుద్ద తీసి నా జానతో కొలిచి గీసేశాను. మామ జాన మోదుగాకంత, నాది తమలపాకంత అన్న సంగతి తోచలేదు. పైగా గీతను నాలుగో పక్కకు తిప్పుకొచ్చేసరికి మొదలు ఒకచోట, చివర ఇంకోచోట. వాకిట్లో అంతంత ముగ్గులు కలిపిన చేయి ఇనుము మీద దారి తప్పింది.

పండుగ మర్నాడు మామ కడ్డీని నిప్పుల్లో పెట్టాడు. కొత్త కోడలు మామతో మాట్లాడకూడదాయె. అత్త చెవిలో ఊదాను.

"అత్తా, గా కడ్డీ కొట్టొద్దని చెప్పు."

"ఎందుకే?"

"ఊకెనే."

"ఊకెనే ఆపితే నన్నే గా నిప్పుల పెడ్తడు. సంగతేందో చెప్పు."

చెబితే పుట్టింటికి తోలుతారేమోనని భయం. ఈలోగా కడ్డీ ఎర్రబడింది. మామ దాన్ని పట్టకారుతో తీసి దాగలి దిమ్మె మీద పెట్టి, ఉలి ఆనించాడు. సుత్తి లేచింది.

"మామా, కొట్టకు. గా గీతలు నావి."

నా నోటి నుంచి ఆయన విన్న మొదటి మాట అదే. సుత్తి గాలిలోనే ఆగింది.

"ఏ గీతలు బిడ్డా?"

చూద్దును కదా, ఎర్రటి కడ్డీ మీద సుద్ద ఆనవాలే లేదు. నువ్వుగింజంత చుక్కలు మాత్రం ఉన్నాయి, పక్కకొకటి.

"నిప్పుల సుద్ద నిలుస్తదా? గందుకే గీసినంక ఉలిమొనతోని చుక్కలు కొడ్త. గవి నువ్వెంత తోమినా పోవు. నీ గీతలు పొద్దుగాలనే చూసిన. గా కొలతకు కోస్తే సేటు కిటికీల పిల్లి సుత దూరది."

అని అత్త వైపు తిరిగాడు. "మూణ్నెల్ల సంది ఫికరైతుండె, మూగపిల్లను చేసుకున్నమేమో అని. మాటలొస్తయి."

ఆ దాగలి మీద చేయి పెట్టి ఒట్టేసుకున్నాను: ఈ జన్మలో ఒకరు గీసిన గీత చెరపను, నా జానతో ఒకరి ఇనుము కొలవను. ఇవాళ్టికీ మనవలు బొగ్గుతో గోడంతా గీకినా నేను తుడవను. నా కోడలు గొణుగుతుంది. ఎవరి కొలతలో ఏమో, మనకెందుకు?