అడిగితే ఇవ్వని కొమ్మ

మొన్న బుధవారం పొద్దున్న గోడవతల నుంచి మాస్టారు నన్ను పేరు పెట్టి పిలిచారు. పద్నాలుగేళ్లుగా పక్కపక్క ఇళ్లలో ఉంటున్నాం, ఆయన నన్ను పేరుతో పిలవడం అదే మొదటిసారి. "టీచరు లేవట్లేదమ్మా," అన్నారు. నేను పరుగున వెళ్లి చూసేసరికి ఆవిడ నిద్రలోనే వెళ్లిపోయారు. ముందురోజు సాయంత్రం మొక్కలకు నీళ్లు పోసిన బకెట్టు గుమ్మం పక్కన బోర్లించి ఉంది.

కనకాలపేటలో ఆవిడను పేరుతో ఎరిగినవాళ్లు తక్కువ. భార్యాభర్తలిద్దరూ బళ్లో పాఠాలు చెప్పి రిటైరైనవాళ్లే. ఆయన మాస్టారు, ఆవిడ టీచరు గారు. ఆదివారం చర్చిలో పిల్లలచేత పది ఆజ్ఞలు వల్లె వేయించేదీ ఆవిడే. అదే మనిషి మిగతా ఆరు రోజులూ మా పేట ఆడవాళ్లచేత దొంగతనాలు చేయించేవారు.

ఆవిడ ఇంటి చుట్టూ అన్నీ చీకటి పడ్డాక వాసనేసే మొక్కలే. గేటు దగ్గర నైట్ క్వీన్, వరండా మీదికి పాకించిన సన్నజాజి, నూతి పక్కన పారిజాతం, ప్రహరీ పొడవునా చంద్రకాంతలు. "పగలంతా బళ్లో ఉండేదాన్ని. ఇంటికొచ్చే ఏళకి వాడిపోయే పూలు నాకెందుకమ్మాయ్?" అనేవారు. దేన్ని ఎక్కడ వేయాలో ఆవిడకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. "నైట్ క్వీన్ కిటికీ కింద పెడితే తలనొప్పి, గేటు దగ్గర పెడితే నిద్ర," అన్నది ఆవిడ మాటే. ఆ వాసనకు పాములొస్తాయట కదా అని నేనోసారి భయపడితే, "పామొస్తే కప్పల కోసం వత్తాది. దానికి పూలెందుకు, కొప్పుందా జడుందా?" అని కొట్టిపారేశారు.

ఇక దొంగతనాల సంగతి. కొమ్మ కావాలని ఎవరైనా అడిగితే మొహం మీదే లేదనేవారు. "అడిగి తెచ్చుకున్న కొమ్మ బతకదు. దొంగిలించిందే బతుకుద్ది." ఈ మాట మన వైపు అందరూ అనేదే గాని, ఇంత పట్టుదలగా పాటించినవాళ్లను నేను చూడలేదు. కొమ్మ కోసం ఎవరైనా గేటు దగ్గర తచ్చాడుతుంటే గోడ మీద చాకు పెట్టి, "పొయ్యి మీద పాలు పెట్టానండోయ్!" అని వీధంతా వినపడేలా చెప్పి లోపలికి పోయేవారు. వచ్చినావిడ కొమ్మ కోసుకుని కొంగు చాటున దాచుకుని వెళ్లేదాకా ఆ పాలు పొంగేవి కావు.

మాస్టారికి ఇది బొత్తిగా నచ్చేది కాదు. వాలుకుర్చీ గేటువైపు వేసుకుని, పేపరు మీంచి చూస్తూ, దొంగ వచ్చినప్పుడల్లా దగ్గేవారు. "ఊరందర్నీ దొంగల్ని చేత్తన్నావు," అనేవారు. "మీరు పేపరు చూసుకోండి," అనేవారావిడ లోపల్నుంచి.

నేను మాత్రం దొంగతనం చేయలేదు. నాకు పంతం ఎక్కువ. పక్కింటిదాన్ని, నాకేం ఖర్మ అనుకుని నైట్ క్వీన్ కొమ్మ కోసం నాలుగుసార్లు నోరు విడిచి అడిగాను. నాలుగుసార్లూ లేదు పొమ్మన్నారు. చివరిసారి ఒళ్లు మండి వారం రోజులు మాట్లాడలేదు. ఆవిడే గోడ దగ్గరికొచ్చి, "అడిగేవోళ్లు పరాయోళ్లమ్మాయ్. అడక్కుండా పట్టుకెళ్లాలంటే చనువుండాలి. నీకింకా రాలేదు," అన్నారు. నాకు ఇంకా మండింది.

ఆ తర్వాత ఒక ఏడు గోదావరి పొంగి, వాళ్ల దొడ్డి పల్లం కావడంతో నీళ్లు వారం పైగా నిలిచిపోయాయి. నైట్ క్వీన్, సన్నజాజి వేళ్లు కుళ్లి చచ్చిపోయాయి. ఓదారుద్దామని వెళ్లాను. ఆవిడ సంచీ, చాకు పట్టుకుని చెప్పులేసుకుంటున్నారు. "ఏడవడానికేవుంది? నా తోట ఊళ్లో ఉంది. పద, దొంగతనానికి!"

మొదట మెట్టకూరులో ఒకావిడ ఇంటికి వెళ్లాం. చిన్నప్పుడు టీచరు గారి దగ్గర చదువుకుని, ఇప్పుడు చేపలు అమ్ముకునే మనిషి. సంచీ, చాకు చూడగానే ఆవిడకు సంగతి అర్థమైపోయింది. అరుగు మీద వల బాగుచేసుకుంటున్న మొగుణ్ణి కూడా లోపలికి తోలి తలుపేసుకుంది. లోపల్నుంచి కేక వినపడింది. "ఇంట్లో ఎవరూ లేరండీ టీచరు గారూ! ఆ మూలన ముదురు కొమ్ముందండీ, అది కొయ్యండీ!"

టీచరు గారు నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకుని నిలబడ్డారు. ఆ రోజు ఎక్కడికెళ్లినా అదే తంతు. మమ్మల్ని చూడగానే తలుపులు మూసుకున్నాయి, సంచీ నిండింది. ఏడాది తిరిగేసరికి ఆవిడ గేటు దగ్గర మళ్లీ పూలు. ఇంతమంది ఇచ్చినా, పక్కింట్లో ఉన్న నా పెరట్లో మాత్రం ఆవిడ దొంగిలించడానికి ఒక్క ఆకు లేదు. అప్పటి సిగ్గు నాకు ఇప్పటికీ పోలేదు. అయినా పంతం వదలక, రేపు చూద్దాం, మాపు చూద్దాం అనుకుంటూ గడిపేశాను. ఆవిడ అంత ధీమాగా ఉంటే, రేపు అనేది ఎప్పుడూ ఉంటుందనుకున్నాను.

భూస్థాపన అయిన మర్నాడు సాయంత్రం మాస్టారికి క్యారేజీలో అన్నం పట్టుకెళ్లాను. వరండాలో పెట్టి తిరిగి వస్తుంటే గేటు దగ్గర నైట్ క్వీన్ అప్పుడే విచ్చుకుంటోంది. చాకు గోడ మీద ఎప్పటి చోటే ఉంది. ఏడుపొచ్చింది. 'మాస్టారూ, ఒక్క కొమ్మ' అని అడగబోయి, మింగేశాను.

ఆయన నన్ను చూశారు. చాకును చూశారు. దగ్గలేదు. లేచి, వాలుకుర్చీని ఇంటి గోడవైపు తిప్పుకుని, గేటుకు వీపు పెట్టి కూర్చుని, పేపరు మొహానికి అడ్డంగా ఎత్తి పట్టుకున్నారు.

జానెడు కొమ్మ కోశాను. కొంగు చాటున దాచుకుని గేటు దాటుతుంటే వెనక పేజీ తిప్పిన చప్పుడు వినపడింది. వరండాలో ఇంకా లైటు వేయలేదు, అక్షరం కనపడే వెలుతురు లేదు.