నాయిన నడుము మీది కమర్‌పట్టా

మా చిన్నప్పుడు తాండూరులో ఆదివారం వచ్చిందంటే ఇల్లంతా తోలు వాసన... మా నాయిన చెప్పులు కుట్టే ఇంట్లో పుట్టి, బండల గనిలో కూలికి పోయేవాడు. అయినా తోలు కుట్టే ఆరె, దారం వదల్లేదు.

గనిలో అందరూ సుత్తె, ఉలులు గోనెసంచిలో వేసి భుజానికి తగిలించుకునేవారు. నిచ్చెన దిగేటప్పుడు ఒక చెయ్యి సంచికి, ఒక చెయ్యి నిచ్చెనకు. సంచి ఊగి మోకాలికి కొట్టేది. సాయంత్రానికి ఆ భుజం ఇక లేచేది కాదు.

ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక నాయిన కూర్చుని కమర్‌పట్టా కుట్టాడు. నడుముకు పెట్టుకునే తోలు బెల్టును మేం అట్లాగే అనేవాళ్ళం. బరువు పొట్ట మీద పడకుండా తుంటి ఎముకల మీద కూర్చునేంత వెడల్పు... ఒరుసుకోకుండా లోపలివైపు మెత్తగా పాత గొంగడి ముక్క. ఉలులకు అడుగు మూసిన తోలు గొట్టాలు. సుత్తెకు కుడి తుంటి వెనక ఒక ఉంగరం. నడిస్తే కాలికి తగలదు.

అది పెట్టుకుని రెండు చేతులూ ఊపుకుంటూ వాకిట్లో నడిచాడు.

"సూడు బిడ్డా, సుత్తె ఉన్నట్టే లేదు."

అమ్మ నవ్వింది. "అబ్బ, జవాను లెక్కనే ఉన్నవ్."

దాదాపు అదే మాట మరునాడు గని మేస్త్రి అన్నాడు. అతను నవ్వకుండా అన్నాడు.

నిజాం రాజ్యం పోయి అప్పటికి ఎంతో కాలం కాలేదు. నడుముకు తోలు పట్టా అంటే అది పోలీసుది, లేదంటే పటేలు మనిషిది. మా వాడ వాళ్ళు అది వాళ్ళకు కుట్టిపెట్టొచ్చు... తమ నడుముకు పెట్టుకోకూడదు.

నేను సద్ది పట్టుకుని గని గట్టు మీద నిలబడి ఉన్నాను. "ఏందిరా, పోలీసోనివైనవా? రేపు నన్ను గూడ పట్టుకపోతవా?" అన్నాడు మేస్త్రి.

"పనికే గద మేస్త్రీ, రెండు చేతులు ఖాళీగుంటయని..."

నాయిన మాట పూర్తి కానేలేదు. మేస్త్రి కత్తి తీసి, మనిషి నడుము మీద ఉండగానే పట్టాను తెగ్గోశాడు. ఉలులు బండల మీద పడి మోగాయి. నాయిన వంగి ఒక్కొక్కటే ఏరుకున్నాడు. పట్టా ముక్కలు నేను ఒడిలో వేసుకుని ఇంటికి తెచ్చాను.

మళ్ళీ గోనెసంచే. ఒక వానరోజు తడిసిన నిచ్చెన మీద సంచి ఊగింది, ఉన్న ఒక్క చేతి పట్టూ జారింది... నాయిన కింద పడ్డాడు. కుడి మణికట్టు విరిగి, వంకరగా అతుక్కుంది. ఆ చెయ్యి మళ్ళీ సుత్తె ఎత్తలేదు.

పగ దేవునికి వదిలెయ్యమని బైబిలు వాక్యం చెబుతుంది. బడి మెట్టు ఎక్కకుండా, కూడబలుక్కుని నేర్చుకున్న అక్షరాలు నావి. ఇన్నేళ్ళు బోధ చేశాక కూడా ఆ మాట దగ్గరికి వస్తే నా వేలు కాసేపు ఆగుతుంది. నేను వదిలెయ్యలేదు, దేవుని ముందు పెట్టి తొందరపెట్టాను. మేస్త్రి నాలుక పడిపోవాలని రోజూ మోకరించి అడిగేదాన్ని. అడిగినందుకు నాకు సిగ్గులేదు.

దేవుడు ఇంకో దారి చూశాడు.

కుల్కచర్ల నుంచి వచ్చి గనిలో పనిచేసే కురుమ మల్లయ్య అందరికంటే ముందు మా ఇంటికి వచ్చాడు. గొంగడి ముక్క తానే తెచ్చుకున్నాడు. "నాకొకటి కుట్టియ్యి అన్నా. నేను గూడ గా నిచ్చెననే దిగాలె" అన్నాడు. తర్వాత ఇంకొకరు, ఆ తర్వాత ఇంకొకరు... నాయిన ఎడమచేత్తో చూపించేవాడు, అమ్మ కుట్టేది, నేను దారానికి మైనం పట్టించేదాన్ని. ఒక సోమవారం పొద్దున గని మొత్తం కమర్‌పట్టాలతో దిగింది. మేస్త్రి కత్తి జేబులోనే ఉండిపోయింది. ఎన్నని కోస్తాడు?

గని సేటు వచ్చి చూశాడు. రెండు చేతులతో నిచ్చెన పట్టుకుని మనుషులు చకచకా దిగుతున్నారు. "మేస్త్రీ, నువ్వు గూడ ఒకటి కుట్టించుకో" అన్నాడు.

మేస్త్రి తన నడుము కొలత దారం ఒక మనిషి చేత పంపాడు. అమ్మ తిప్పి పంపింది. "మనిషి మీదనే కొలుస్తం. మనిషిని రమ్మను."

వచ్చాడు. మా వాడలోకి, మా వాకిట్లోకి. నాయిన వంకర చెయ్యి ఒళ్ళో పెట్టుకుని మంచం మీద కూర్చున్నాడు. వాడంతా బయటికొచ్చి నిలబడింది.

"చేతులెత్తు మేస్త్రీ" అన్నది అమ్మ.

నడుము కొలవాలంటే ఎత్తాల్సిందే కదా... ఎత్తాడు.

అమ్మ దారం చుట్టింది. విప్పింది. "జర నిలబడు, సక్కగ రాలె" అని మళ్ళీ చుట్టింది. ఆమెకు తొందరేమీ లేదు. పైకెత్తిన చేతులు కొంచెం దిగాయి, మేస్త్రి మళ్ళీ ఎత్తాడు.

"పోలీసోని పట్టా గావాల్నా, పనోనిది గావాల్నా?"

మేస్త్రి చుట్టూ నిలబడ్డ వాడను చూశాడు. "పనోనిదే... అక్కా."

మా అమ్మను 'ఏమే' అని తప్ప పిలవని నోరు అది.

నాయిన అప్పుడు అన్నాడు, మెల్లగానే. "దించు మేస్త్రీ. నేను ఎత్తలేని చెయ్యి నువ్వెంతసేపు ఎత్తుతవ్?"

అమ్మ పట్టా గట్టిగానే కుట్టింది. ఉంగరం, గొట్టాలు, అన్నీ సరిగానే పెట్టింది. లోపల గొంగడి ముక్క మాత్రం వెయ్యలేదు. గనిలో ఉన్నన్నాళ్ళు ఆ తోలు అతని తుంటిని ఒరుస్తూనే ఉంది... నడుస్తూ నడుస్తూ ఆగి దాన్ని సర్దుకునేవాడు. ఆ సర్దుకోవడం చూడటానికే నేను సద్ది పట్టుకుని ముందుగా పోయేదాన్ని.

ఇప్పుడు వికారాబాదులో ప్రార్థనకు పోతుంటే దారిలో కరెంటు పని పిల్లలు కనపడతారు. నడుముకు నైలాను బెల్టు, దానికి ఎన్ని జేబులో... ఎవరూ ఆపి అడగరు. చూస్తే కడుపు నిండుతుంది. కానీ నాయిన కుట్టినట్టు మెత్తగా కుట్టేవాళ్ళు లేరు, అట్లాంటి బెల్టు ఒకప్పుడు ఎవరి నడుము మీద తెగిందో ఆ పిల్లలకు తెలియదు.

మేస్త్రిని క్షమించావా అని అడుగుతారు. అతని పేరు ఇక్కడ రాయలేదు. నా క్షమ అంతవరకే.

మీ పెద్దవాళ్ళు పనిముట్లు ఎట్లా మోసుకుపోయేవారు... ఎవరైనా అడ్డం వచ్చారా? కింద రాయండి. నా అంత ఓపిక మీకు అక్కర్లేదు... పేర్లతో సహా రాయండి.