టిక్కు పడని మూడు పాఠాలు

జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరు పోయే బస్సులో నా పక్కన బురఖా వేసుకున్న ఒకామె కూర్చుంది. నా చేతిలో కంప్యూటర్ సెంటర్ వాళ్లిచ్చిన పాఠాల పట్టిక కాగితాలు రెండున్నాయి. ఒకటి బేసిక్ ప్రోగ్రామింగ్ కోర్సుది, ఇంకొకటి అడ్వాన్స్‌డ్ కోర్సుది. పెద్ద కోర్సైతే ఉద్యోగం తొందరగా వస్తుందని, అందులోనే చేరబోతున్నానని ఆమెకు గొప్పగా చెప్పాను.

ఆమె ఆ పెద్ద కోర్సు కాగితం తీసుకుని, పేరు కనబడకుండా పైభాగం వెనక్కి మడిచింది.

"పేరు చూడొద్దు పాపా, పాఠాలు చూడు. నీకు తెలిసినవాటికి టిక్కు పెట్టు."

పెన్ను పట్టుకుని కింద దాకా చదివాను. ఒక్క టిక్కు కూడా పెట్టలేకపోయాను.

"ఒగటన్నా తెలీకుండా ఈడ చేరితే మొదటి వారమే ఏడుస్తావు. ముందు చిన్నదాంట్లో చేరు."

నాకు ఒళ్లు మండింది. "నీకు తెలుసా అక్కా ఇవన్నీ?" అన్నాను.

ఆమె పెన్ను తీసుకుని వరసగా టిక్కులు పెట్టుకుంటూ పోయింది. చివరి మూడు పాఠాల దగ్గర చెయ్యి ఆగింది.

"ఈడిదాంకా నేర్చుకున్నా. మా ఆయన కువైట్ పోతానే బట్టలంగడి నా మీద పడింది."

ప్రొద్దుటూరులో దిగేటప్పుడు అడిగింది. "ఈ కాయితం నేను పెట్టుకుంటా పాపా. నీకిప్పుడు పన్లేదు గదా?"

ఇచ్చాను. దాన్ని నలగకుండా సంచిలో పెట్టుకుని పులివెందుల బస్సెక్కింది. పేరు అడగలేదు నేను.

చిన్నదాంట్లోనే చేరాను. మరుసటి ఏడు పెద్దది. ఆమె టిక్కు పెట్టని ఆ మూడు పాఠాలు మొదలైన రోజు, పక్క కుర్చీలో ఎవరూ కూర్చోకుండా నా సంచి పెట్టుకున్నాను.