తాటిచెట్ల చాటు గాలి

మా ఆయనకు రెండు పెద్ద గాలిపటాలు ఉండేవి. నడుముకు తాళ్ళు తగిలించుకుని, పలక మీద నిలబడి, గాలిపటం లాగుతుంటే నీళ్ళ మీద జారిపోయేవాడు. గాలి తక్కువైన రోజు పన్నెండు మీటర్లది, ఎక్కువైన రోజు ఏడు మీటర్లది. ఎక్కడో సముద్రం దగ్గర నేర్చుకుని వచ్చి హసన్‌పర్తి చెరువులో ఎగరేసేవాడు. ఒడ్డున గాలిపటం పట్టుకుని, ఆయన చెయ్యి ఊపాక వదలడం నా పని.

ఆయన జబ్బుతో పోయాక, వానలకు ముందు ఒక సాయంత్రం మా అమ్మాయి ఆ పెద్ద గాలిపటాన్ని బయటికి తీసింది. అంతవరకు చిన్నదానితోనే నేర్చుకుంది.

"గాలెక్కువైతదేమో బిడ్డా."

"గాలేడున్నదమ్మా? ఆకు సుత కదుల్తలేదు. ఊకె ఫికర్ జేస్తవ్. నాన్నది ఒక్కసారన్న ఎగరేస్త."

తాళ్ళు పరిచి, గాలిపటం నా చేతికిచ్చి, అటు చివర నిలబడి నడుముకు తగిలించుకుంది.

అది నా చేతుల్లో మెల్లగా వణికింది. తల తిప్పి చూశాను. మేము ఉన్నది తాటిచెట్ల వరుస చాటున. నడిచెరువులో గాలికి తెల్లటి నురుగు గీతలు లేస్తున్నాయి. ఆయన ఎప్పుడూ ముందు అటే చూసేవాడు. ఒడ్డున తగిలే గాలిని లెక్కలోకి తీసుకునేవాడు కాదు.

అమ్మాయి చెయ్యి ఊపింది. "ఇడువమ్మా!"

గాలిపటాన్ని బోర్లా పడేసి దాని మీద కూర్చున్నాను.

"ఏందే అమ్మా, కుర్చీ అనుకున్నవా?"

అప్పుడే చెట్లు ఊగాయి. గాలి నన్ను గాలిపటంతో సహా పక్కకు ఈడ్చింది. దాని అంచు నా కిందినుంచి లేవబోయింది. తాళ్ళు బిగిసి అమ్మాయి మోకాళ్ళ మీద పడింది. నడుము దగ్గరి ఎర్ర పిడిని లాగింది. తాళ్ళు ఊడి వదులయ్యాయి. నేను వదిలి ఉంటే ఆమె అప్పటికి ఆ చెట్ల మీద ఉండేది.

అమ్మాయి మోకాళ్ళకంటిన మట్టి దులుపుకుని లేచి వచ్చింది.

"నాన్న దీంతోనే ఎగరేసేటోడు గదా," అంది.

"మీ నాన్న బరువుల నువ్వు సగం లెవ్వు. ఆయనైనా గిసొంటి గాలిల దీన్ని ముట్టకపోతుండె."

పెద్దదాన్ని మడిచాం. చిన్న గాలిపటాన్ని తీసి, చెట్ల చాటు దాటించి, గాలి సమంగా తగిలే చోటికి తీసుకెళ్ళాం. నేను మళ్ళీ అంచు పట్టుకుని నిలబడ్డాను. ఈసారి ఆమె కూడా నడిచెరువు వైపు చూసింది. చూసి, చెయ్యి ఊపకుండా నా దగ్గరికే నడిచి వచ్చింది.

"ఇయ్యాల వద్దమ్మా. తేపతేపకు గాలి పెరుగుతాంది."

గాలిపటాన్ని మడవబోతే నా వేళ్ళు అంచును వదలలేదు. ఆమే ఒక్కొక్కటిగా విడదీసింది.