సత్యవతి అడిగిన గది

ఆగిరిపల్లి తోటల్లో కాపలా ఉండే సత్యవతి ఏనాడూ దొంగని తరిమిన పాపాన పోలేదు. లుంగీలో మామిడికాయలు మూటగట్టి కంచె దాటబోయేవాడికి ఎదురెళ్లి, "ఆ మూలచెట్టు కాయ పులుపంటగా బాబూ?" అని దిగులుగా అడిగేది. "అబ్బే, పంచదారే," అనేవాడు వాడు. అంతే, దొరికిపోయేవాడు. ఆవిడకి వచ్చిన విద్య అదొక్కటే.

ఇరవై ఏళ్ల కిందట పక్క తోట ఆసామి చిన్నకొడుకు ప్రేమ్‌చంద్ ఆమెని గుళ్లో పెళ్లి చేసుకున్నాడు. యానాదుల పిల్లని చేసుకున్నాడని ఇంట్లోవాళ్లు గెంటేశారు. కూతురు అనూషకి ఏడాది నిండకుండానే అతను జ్వరమొచ్చి పోయాడు. ఆ పిల్ల యానాదుల పేటలో, అమ్మమ్మ గుడిసెలో పెరిగింది. బడిలో యానాదిదానివని వెనక కూర్చోబెడితే ఏడుస్తూ చదివింది. ఇప్పుడు నర్సింగులో సీటొచ్చింది. సోమవారంలోగా ఎస్టీ సర్టిఫికెట్ ఇవ్వకపోతే అది కాస్తా పోతుంది.

సరిగ్గా అప్పుడే ప్రేమ్‌చంద్ అన్న జగన్మోహనరావుకి పౌరుషం పొడుచుకొచ్చింది. తమ ఇంటిపేరు పక్కన ఎస్టీ అని రాస్తే పరువేం కావాలి? "అనూష నా సొంత తమ్ముడి కూతురు, తండ్రి కులమే దానిది," అని తహసీల్దారు ఆఫీసులో అర్జీ పడేశాడు. పద్దెనిమిదేళ్లు కనపడని రక్తసంబంధం ఒక్క కాగితంతో తన్నుకొచ్చింది. సత్యవతికి ఒళ్లు మండిపోయింది.

విచారణకి రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ ఉదయశ్రీ, జగన్మోహనరావు ఇంటి వరండాలోకే వచ్చింది. తండ్రి ఏ కులమైనా, బిడ్డ తల్లివాళ్లలో ఒకతిగా, వాళ్ల కష్టాలే పడి పెరిగిందని తేలితే సర్టిఫికెట్ ఇవ్వొచ్చని, ఆ సంగతి చెప్పేవాళ్లు కావాలని అంది.

సత్యవతి అనూషని వెంటబెట్టుకొచ్చి, ఆమె బట్టల సంచి గేటు దగ్గర దింపింది.

"మీ ఇంటి పిల్లేనన్నారంట గదా బావగారూ. పోనీలెండి. ఏ గదిలో పెరిగిందో చూపిస్తే సంచి అందులో పెట్టేస్తాను."

బావగారూ అన్న పిలుపుకే ఆయన మొహం మాడింది. ఇక సంచి చూసేసరికి గదితోపాటు తోటలో వాటా కూడా కళ్లముందు కదిలింది.

"గదేంటి? పుట్టింది మా తమ్ముడికేగానీ, దాన్ని ఏనాడైనా ఈ గేటు దాటనిచ్చామా? ఒక్క ముద్ద పెట్టామా? ఆ పేటలోనే పాకింది, ఆ పేటలోనే పెరిగింది. రాసుకోండి మేడమ్."

"సంతకం పెడతారా?" అడిగింది ఉదయశ్రీ.

"ఎన్నయినా పెడతానండీ."

పెట్టాడు. అనూష తల దించుకుంది. తెలిసిన నిజమే అయినా పెదనాన్న నోటితో వినేసరికి కళ్లలో నీళ్లు తిరిగాయి. సత్యవతి కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"మేడమ్, ఆ కాగితం నకళ్లు రెండిప్పించండి."

"ఒకటి చాలదా?"

"ఒకటి సీటుకండీ. పుట్టింది ఆయన తమ్ముడికేనని కూడా ఉంది గదా, రెండోది వాటాకి."

తర్వాత జగన్మోహనరావు వైపు తిరిగి దిగులుగా అడిగింది.

"మీ తోటలో మూలచెట్టు కాయ పులుపంటగా బావగారూ?"