హమీన్ చల్లారిన శనివారం

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరూ ఎప్పుడు చూసినా అలసిపోయే ఉండేవాళ్ళు. మా నాన్న సింగపూర్‌లో ఒక కంప్యూటర్ కంపెనీలో పనిచేసేవారు. సాఫ్ట్‌వేర్ తెలిసినవాళ్ళకి ఎక్కడ చూసినా ఉద్యోగాలు దొరుకుతున్న రోజులవి. దొరికిన ఉద్యోగం మాత్రం మనిషిని పిండి ఆరేసేది. రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తేదీ తప్పి ఆగిపోతాయని ఊరంతా భయం పట్టుకుంది. దాంతో నాన్నకి శని ఆదివారాలు కూడా లేకుండా పోయాయి. అమ్మకి ఆస్పత్రిలో షిఫ్టులు. ఇప్పుడు నా జుట్టు నెరిసింది, ఆ ఊళ్ళోనే నాన్న చేసిన పనే నేనూ చేస్తున్నాను, అంతే అలసటతో ఇంటికి వస్తున్నాను. అందుకేనేమో ఈమధ్య పక్కింటి ఆంటీ ఊరికే గుర్తొస్తోంది.

ఆవిడ యూదుల మనిషి. పుట్టింది కలకత్తాలో. పెళ్ళయి సింగపూర్ వచ్చింది. భర్త పోయాడు, పిల్లలు లేరు, వయసు డెబ్భై దాటింది. మామూలుగా ఇంగ్లీషు మాట్లాడేది, కోపం వచ్చినా ముద్దు వచ్చినా హిందీలోకి దిగేది. స్కూలు వదిలాక అమ్మానాన్నలు ఇల్లు చేరేవరకు నాకు ఆవిడ ఇల్లే దిక్కు. శుక్రవారం పొద్దు వాలకముందే ఆవిడ గాజు గ్లాసులో నీళ్ళ మీద నూనె పోసి వత్తి వెలిగించేది. అచ్చం మా అమ్మమ్మ కార్తీకమాసంలో పెట్టే దీపంలాగే ఉండేది. ఇక అక్కణ్ణుంచి శనివారం చీకటి పడేదాకా వాళ్ళకి విశ్రాంతి రోజు. స్విచ్ ముట్టదు, ఫోన్ ఎత్తదు, పొయ్యి వెలిగించదు, ఆఖరికి లిఫ్టు కూడా ఎక్కదు. మేముండేది నాలుగో అంతస్తు. శనివారం పొద్దున్నే నా చెయ్యి పట్టుకుని ఒక్కొక్క మెట్టూ దిగి, పావుగంట నడిచి వాళ్ళ ప్రార్థనా మందిరానికి వెళ్ళేది. దాన్ని సినగాగ్ అంటారు.

నన్ను ఆడవాళ్ళతోపాటు మేడ మీద కూర్చోబెట్టేది. మగవాళ్ళు కింద ఉండేవాళ్ళు. పదిమంది మగవాళ్ళు పోగవనిదే కొన్ని ప్రార్థనలు మొదలుకావని తెలిసి, నేను ఒకరోజు వేలు చూపిస్తూ ఒకటి, రెండు అని లెక్కపెట్టబోయాను. ఆవిడ నా వేలు మడిచేసింది. మనుషుల్ని అలా లెక్కపెట్టకూడదట. భాష ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అయినా ఫ్యాన్ల కింద ఆ ముసలి గొంతులు ఎగుడుదిగుడుగా సాగుతుంటే హాయిగా నిద్ర ముంచుకొచ్చేది. వారంలో పెద్దవాళ్ళెవరూ గడియారం చూసుకోని చోటు నాకు అదొక్కటే.

ప్రార్థన అయ్యాక కింద హాల్లో అందరికీ భోజనం పెట్టేవాళ్ళు. ఎండలో నడిచి వచ్చిన ముసలివాళ్ళు, పని మీద ఈ దేశం వచ్చిన వాళ్ళ మతం వాళ్ళు, చంటిపిల్లల తల్లులు అందరూ అక్కడే తినేవాళ్ళు. వండేది మా ఆంటీ. కోడిలో బియ్యం కూరి, మసాలా పట్టించి, శుక్రవారం మధ్యాహ్నమే మందిరం వంటగదిలో పెద్ద గిన్నెల్లో ముప్పాతిక వంతు ఉడికించేది. తర్వాత ఆ గిన్నెల్ని కరెంటు హాట్ ప్లేట్ మీదికి ఎక్కించి వదిలేసేది. శనివారం వండకూడదు కాబట్టి ఆ సన్నటి వేడి మీదే తెల్లవార్లూ మగ్గి, మర్నాడు మధ్యాహ్నానికి పొగలు కక్కుతూ దిగేది. దాని పేరు హమీన్. పక్కన అంబా అనే మామిడికాయ పచ్చడి కూడా ఉండేది. మా ఆవకాయ ముందు అదొక పసిబిడ్డ అని నేను ఆవిడతో వాదించేదాన్ని.

నేను చెప్పబోయే సంగతికి ముందు నెలలో ఒక వారం హమీన్‌లో ఉప్పు రెండుసార్లు పడింది. వంటగది వ్యవహారం చూసే కమిటీ ఆవిడ, ఇంకొక్కసారి ఇలా అయితే కేటరర్‌కి అప్పగించేస్తానని నా ఎదురుగానే అన్నది. ఆంటీ నవ్వేసింది గానీ ఇంటికి వచ్చే దారంతా ఉప్పు ఎన్ని చెంచాలు వేసిందో వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూనే ఉంది. ఆ గిన్నెలు తప్ప ఆవిడకి వారంలో ఎదురుచూడడానికి ఇంకేమీ లేదని పదేళ్ళ పిల్లనైన నాకే అర్థమైంది.

ఇక నేను చేసిన ఘనకార్యం చెప్పాలి. మా ఇంట్లో గడప దాటేముందు గోడ మీద స్విచ్చులన్నీ ఆపాలి, గ్యాస్ కట్టాలి, తాళం రెండుసార్లు లాగి చూడాలి. అమ్మ తెనాలి నుంచి చీరలతోపాటు తెచ్చుకున్న అలవాటు. ఒక శుక్రవారం స్కూలు తొందరగా వదిలితే, మొదటిసారి ఆంటీతో మందిరం వంటగదికి వెళ్ళాను. కొత్తిమీర తరిగాను, గుడ్లు కడిగాను. పొద్దు వాలుతోంది, ఇంటికెళ్ళి దీపం పెట్టాలని ఆవిడ ముందు నడిచిపోతోంది. చెప్పులు వేసుకుంటూ వెనక్కి తిరిగి చూస్తే ప్లగ్ దగ్గర ఎర్ర లైటు వెలుగుతోంది. గిన్నెలు రాత్రంతా ఆ వేడి మీదే ఉండాలని నాకప్పటికి తెలియదు. పాపం, తొందరలో మరిచిపోయిందనుకున్నాను. వెనక్కి పరిగెత్తి టక్కున స్విచ్ ఆపేశాను. చెబితే చిన్నబుచ్చుకుంటుందని చెప్పలేదు కూడా. అంత తెలివి నాది!

మర్నాడు మధ్యాహ్నం కమిటీ ఆవిడ మూత తీయగానే వంటగదిలోంచి పులిసిన వాసన హాల్లోకి వచ్చింది. సింగపూర్ ఉక్కపోతలో రాత్రంతా చల్లారిన కోడి, అన్నం. నిన్న నేను ఆపిన ఎర్ర లైటు గుర్తొచ్చింది. ఆంటీ గిన్నె దగ్గరికి వచ్చింది, వంగి ప్లేటు వైపు చూసింది, గోడ వైపు చూసింది. తర్వాత ఒక్క క్షణం నా వైపు చూసింది.

“ఆన్ చేయడం నేనే మరిచిపోయుంటాను” అన్నది.

“పోయిన నెల ఉప్పు, ఈ నెల ఇది. చాలు ఆంటీ, ఇక రెస్ట్ తీసుకో. ఇవాళ పని విషయాలు మాట్లాడకూడదు, రేపు కేటరర్‌కి ఫోన్ చేస్తాను” అన్నది కమిటీ ఆవిడ. చెడ్డ మనిషేం కాదు. ఆవిడ కూడా వారమంతా ఉద్యోగం చేసి అలిసిపోయి వచ్చినదే.

అందరూ రొట్టె, కీరా ముక్కలు, అంబా, అరటిపళ్ళు తిన్నారు. ఎవరూ విసుక్కోలేదు. ఒక తాతగారు పాట కూడా అందుకున్నారు. నేనే, నేనే ఆపాను అని నా గొంతు దాకా వచ్చింది. పాతికమంది ముఖాలు చూసి మింగేశాను.

తిరిగి వస్తూ సగం దారిలో ఏడ్చి చెప్పేశాను. ఆవిడ ఆగలేదు, ఆశ్చర్యపోలేదు. ప్లేటు బటన్ తను తిప్పినచోటే ఉందని, గోడ స్విచ్ మాత్రమే ఆగి ఉందని, ఇన్నేళ్ళలో తను ఆ గోడ స్విచ్ ముట్టుకోలేదని చెప్పింది. మిగతావాళ్ళు కూడా చూస్తే కనిపించేదే. వాళ్ళు ప్లేటుని చూడలేదు, ఆవిడ వయసుని చూశారు. ఇప్పుడే వెనక్కి వెళ్ళి చెప్పేస్తానన్నాను. వద్దంది. ఇవాళ ఏదీ బాగుచేసే రోజు కాదు, పాడైనదాన్ని పాడైనట్టే ఉండనివ్వు అంది. తర్వాత కూడా చెప్పాల్సిన పని లేదంది. మెట్లెక్కుతుంటే మాత్రం ఆవిడ చెయ్యి నా చేతిలో ఎప్పటికంటే బరువుగా ఉంది.

సాయంత్రం నాన్న ఆఫీసు నుంచి వచ్చి, బూట్లు విప్పకుండానే సోఫాలో పడి నిద్రపోయారు. లేచేవరకు పక్కనే కూర్చుని, లేవగానే అంతా చెప్పాను. నాన్న కళ్ళు నులుముకుంటూ విన్నారు.

“ఆవిడ వద్దంది, సరే. నీకు చెప్పాలనుందా, లేదా? అది చెప్పు” అన్నారు.

ఉందన్నాను.

ఆదివారం పొద్దున నాన్న నడుముకి ఉన్న పేజర్ మోగుతూనే ఉంది. ఆఫీసు వాళ్ళు పిలుస్తున్నారు. నాన్న దాన్ని జేబులో పడేసి నన్ను మందిరానికి నడిపించుకు వెళ్ళారు. నాకోసం ఆయన ఆఫీసుని ఆగమన్న రోజు అదొక్కటే గుర్తు. వంటగదిలో ఆంటీ ముక్కుకి అడ్డంగా తువ్వాలు కట్టుకుని ఆ పాడైన గిన్నెలు తనే తోముతోంది. కమిటీ ఆవిడ ఫోన్ నంబర్ల పుస్తకం తీసుకుని నిలబడి ఉంది. నేను నాన్న చొక్కా పట్టుకుని, నేల చూస్తూ, మొత్తం ఒక్క ఊపిరిలో చెప్పేశాను.

ఆంటీకి నిజంగానే కోపం వచ్చింది. “నిన్నెవరు చెప్పమన్నారు? పెద్దదానివైపోయావా?” అని హిందీలో అరిచింది. కమిటీ ఆవిడ పుస్తకం మూసింది. ముఖం ఎర్రబడింది.

“నిన్ననే చెప్పొచ్చు కదా ఆంటీ. నీ వంట పోయేది. తెలిసి కూడా ఎందుకు ఊరుకున్నావు?”

ఆంటీ పీచు పక్కన పెట్టి, తడి చెయ్యి గౌనుకి తుడుచుకుంది.

“వంట పోతే పోతుంది. ఈ పిల్ల సిగ్గుపడి వచ్చే శనివారం రాకపోతే, నేనెవరి చెయ్యి పట్టుకుని మెట్లు దిగేది?”

నాన్న తల తిప్పేసుకున్నారు. కాసేపటికి కమిటీ ఆవిడే చొక్కా చేతులు పైకి మడిచి రెండో గిన్నె తోమడం మొదలుపెట్టింది. వంట ఆంటీ దగ్గరే ఉండిపోయింది. శుక్రవారం అందరూ వెళ్ళేముందు స్విచ్‌ని ఇంకొకరు ఒకసారి చూడాలని షరతు పెడితే ఆవిడ మూతి ముడుచుకుంది గానీ ఒప్పుకుంది. మోకాళ్ళు ఇక నిలవనివ్వమనేవరకు, మరో రెండేళ్ళు, ఆ హమీన్ వండింది.

తప్పు నాదైతే ఆ పూటే చెప్పేయడం ఆ ఆదివారం నుంచి అలవాటైంది. దీనివల్ల ఆఫీసులో నష్టపోయిన సందర్భాలున్నాయి, అయినా మానలేదు. ఆంటీ చేసింది మాత్రం ఇంతవరకూ నాకు చేతకాలేదు. నా దగ్గర పనిచేసే పిల్లలెవరైనా పొరపాటు చేస్తే, అలసటలో ఎదుటి మనిషి గుర్తొచ్చేలోపే నా నోరు లేస్తుంది. ఎవరు చేశారిది అని అందరి ముందూ అడిగేస్తాను. ఇంటికి వెళ్ళాక, ఆ పిల్ల రేపు మళ్ళీ నా దగ్గరికి వచ్చి ఏదైనా అడుగుతుందా, లేక తప్పించుకు తిరుగుతుందా అని దిగులు పడతాను. ఆంటీ అయితే గిన్నె మూత తీసిన క్షణంలోనే ఆ దిగులు పడింది. నాకు ఎప్పుడూ ఒక పూట ఆలస్యమవుతోంది.