రాజమాతకు అత్తగారి గొంతు

చూపు లేనివాళ్ళ కోసం పుస్తకాలు చదివి రికార్డు చేసిపెట్టే గ్రంథాలయంలో ఆవిడ పదకొండేళ్ళుగా చదువుతోంది. బడి మానేసి చాలాకాలమైనా అందరికీ ఇప్పటికీ టీచరమ్మే. ఆ చదివే గది గది కాదు, గోడలకు పరుపులు కొట్టిన పెట్టె. మైకు పెట్టగానే ఫ్యాను ఆపేయాలి. కాగితం గరగరలాడకూడదని పుస్తకం కుట్టు విప్పి, విడి కాగితాలు ఒక్కొక్కటే ఎత్తి పక్కన పెట్టాలి. ఒళ్ళంతా చెమటలు కారుతుంటే మంత్రగాళ్ళలా, రాక్షసుల్లా అరవడం ఎవరు చేస్తారు చెప్పండి, ఇష్టం ఉంటే తప్ప!

ఆ మాయాలోకపు నవల ఆరు సంపుటాలు. మొదటిదాంట్లో ఎవరికి ఏ గొంతు ఇస్తే చివరిదాకా అదే ఉండాలి, మారిస్తే వినేవాళ్ళు ఊరుకోరు. అందుకని టీచరమ్మ తెలిసినవాళ్ళ గొంతులు అరువు తెచ్చుకునేది. మంత్రగాడికి పాత హెడ్మాస్టరుది. మనవణ్ణి కోటలో బంధించి అందరినీ కాల్చుకుతినే రాజమాతకు ఇంకెవరిది, అత్తగారిది. ఆ సాగదీత, మాట చివర ఆ విరుపు వెతికినా దొరకవు. ఐదు సంపుటాలపాటు శ్రోతలు ఫోన్లో సందేశాలు పెట్టి రాజమాతను దుమ్మెత్తిపోశారు. "ఆ ముసల్ది ఎప్పుడు పోతుంది టీచరమ్మా?" అని అడిగినప్పుడల్లా ఆవిడ లోలోపల నవ్వుకునేది. ఇంట్లో మాత్రం ఈ సంగతి పొక్కనివ్వలేదు.

ఆరో సంపుటం వచ్చేసరికి అత్తగారి గొంతుకు ఆపరేషన్ జరిగింది. ప్రాణం దక్కింది, మాట పోయింది. ఇప్పుడు ఏం కావాలన్నా పలక మీద రాయడమే.

ఆ చివరి పుస్తకంలో రాజమాతే మనవణ్ణి దొడ్డిదారిన దాటించి, తను ఒక్కతే శత్రువులకు ఎదురు నిలబడి చనిపోతుంది. ఇన్నాళ్ళూ బంధించింది కాపాడడానికేనని అప్పుడు తెలుస్తుంది. టీచరమ్మ ఆ పేజీ దగ్గర రెండు రోజులు ఆగిపోయింది. మాట పోయిన మనిషి గొంతు తను వాడుకోవడం దొంగతనం అనిపించింది. వేరే గొంతుతో చదివి చూస్తే, రికార్డు చేసే ఆయన అడ్డంగా తల ఊపాడు. "ఈవిడెవరో కొత్తావిడండీ. మొదటి మాటకే పట్టేస్తారు."

మూడోరోజు భయపడుతూనే అత్తగారి దగ్గర కూర్చుని ఉన్నదంతా చెప్పేసింది. పెద్దావిడ పలక అందుకుంది.

"చెడ్డదా?"

"ఐదు పుస్తకాల్లో చెడ్డదే అత్తయ్యా. ఆరోదాంట్లో కాదు."

"చదువు."

చదివింది. పెద్దావిడ కళ్ళు మూసుకుని విని, పలక తుడిచి రాసింది: "నేనంత సాగదియ్యను." మళ్ళీ చదివించింది. అలా నాలుగుసార్లు. బడిలో ఉన్నప్పుడు ఏ ఇన్‌స్పెక్టరూ టీచరమ్మను ఇంత వేపుకుతినలేదు.

రికార్డు బయటికెళ్ళిన వారానికి సందేశాలు వచ్చిపడ్డాయి. టీచరమ్మ ఫోను అత్తగారి మంచం మీద పెట్టి ఒక్కొక్కటే వినిపించింది. ఒకాయన, "ఐదు పుస్తకాలు నోటికొచ్చినట్టు తిట్టానమ్మా, లెంపలేసుకుంటున్నా" అన్నాడు. ఒక కాలేజీ పిల్ల గయ్యిమంది: "శవం చూపించలేదుగా! ఆవిడ బతికే ఉంది, నేనొప్పుకోను." ఇంకొకావిడ ఏడుపు ఆపుకుంటూ, "ఆ గొంతు మళ్ళీ వినాలనిపించి మొదటి పుస్తకం మళ్ళీ పెట్టుకున్నా" అంది. మంత్రగాడి ఊసు ఒక్కరూ ఎత్తలేదు, పాపం హెడ్మాస్టరు!

పెద్దావిడ చెంపల మీద కన్నీళ్ళు తుడుచుకోనైనా లేదు. మొహమైనా తెలియని ఆ మనుషులందరి మీదా టీచరమ్మకు కృతజ్ఞత పొంగుకొచ్చింది. పదకొండేళ్ళుగా తనే వాళ్ళకేదో చేస్తున్నాననుకుంది. ఇవాళ వాళ్ళు తన ఇంటికి చేశారు.

పెద్దావిడ పలక మీద ఏదో రాసి కోడలి ముందుకు తోసింది. చంటి అంటే ఆవిడ కొడుకు, టీచరమ్మ భర్త. "చంటిగాణ్ణి భోజనానికి పిలువు. నా గొంతుతో."

టీచరమ్మ గొంతు సవరించుకుంది. "ఒరేయ్ చంటీ! అన్నం చల్లారిపోతోందిరా!"

"వస్తున్నానమ్మా!" అంటూ యాభై ఏళ్ళ చంటి లోపలి గదిలోంచి గబగబా వచ్చి, గుమ్మంలోనే ఆగిపోయాడు. ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. తల్లి నవ్వుతోంది. భార్య తల దించుకుంది.

"ఇంకోసారి పిలువు," అన్నాడు.